పడుకుని ఉండగా స్పృహ తప్పిందా? ముందు ఈసీజీ తీయించండి

ప్రశ్న: నా వయసు 29. ఎక్కువసేపు నిలబడితే కళ్లు తిరిగి పడిపోతుంటాను. వేసోవేగల్ సింకోపీ అని చెప్పి, ఏడాదిగా ఒంట్లో ఉప్పు, నీరు నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్ర ఇస్తున్నారు. గత నెల గొంతు నొప్పి వస్తే ఇంట్లో మిగిలిన అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, వాంతులకు డోంపెరిడోన్ వేసుకున్నాను. మూడో రోజు మంచం మీద పడుకుని ఉండగానే గుండె దడదడలాడి స్పృహ తప్పింది. అర నిమిషంలో తేరుకున్నాను. ఫ్లూడ్రోకార్టిసోన్ మోతాదు పెంచాలా? ఉప్పు ఇంకా ఎక్కువ తీసుకోవాలా?

జవాబు: రెండూ వద్దు. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన మాట ‘పడుకుని ఉండగానే’. మీకు చెప్పిన సమస్యలో నిలబడినప్పుడు రక్తం కాళ్లలోకి దిగుతుంది, రక్తపోటు పడిపోతుంది. ముందుగా వికారం, చెమటలు, కళ్ల ముందు మసక వస్తాయి. పడుకున్న మనిషికి అలా జరగడం అరుదు. దడ వచ్చి వెంటనే స్పృహ తప్పిందంటే గుండె లయ చెడిందేమోనని అనుమానించాల్సిందే. మిమ్మల్ని పరీక్షించకుండా అదేనని చెప్పలేను గానీ, కాదని వదిలేయలేను.

మీరు వేసుకున్న రెండు మందులూ గుండె కణాల నుంచి పొటాషియం బయటికి వెళ్లే దారిని కొంత అడ్డుకోగలవు. అప్పుడు ప్రతి స్పందన తర్వాత గుండె మళ్లీ సిద్ధం కావడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఈసీజీలో క్యూటీ విరామం, అంటే స్పందన మొదలై గుండె మళ్లీ సిద్ధమయ్యేదాకా పట్టే సమయం, సాగినట్టు కనిపిస్తుంది. సాధారణ వేగంలో తీసిన ఈసీజీ కాగితం మీద ఒక్కో చిన్న గడి 40 మిల్లీసెకన్లు. గుండె వేగానికి సరిచేసిన క్యూటీ స్త్రీలలో సుమారు 460 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. 500 దాటితే, అంటే గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటున్నప్పుడు పన్నెండున్నర గళ్లు దాటితే, టార్సాడ్ అనే ప్రమాదకరమైన లయ మొదలయ్యే ముప్పు బాగా పెరుగుతుంది. అది దానంతటదే ఆగితే మనిషి తేరుకుంటారు. ఆగకపోతే ప్రాణాపాయం.

చాలామందికి ఈ మందులతో ఏ ఇబ్బందీ రాదు. మీ విషయం వేరు. ఫ్లూడ్రోకార్టిసోన్ మూత్రం ద్వారా పొటాషియాన్ని పంపేస్తుంది, వాంతులు ఆ లోటును పెంచుతాయి. పొటాషియం తగ్గితే క్యూటీ ఇంకా సాగుతుంది. ఇప్పుడు మోతాదు, ఉప్పు పెంచితే ఆ లోటే పెరగవచ్చు.

మిగిలిన మాత్రలు దాచుకుని వాడడం మానండమ్మా. గొంతు నొప్పికి ఎక్కువసార్లు కారణం వైరస్, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఈ మాట నేను రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటాను. అంతకన్నా బాధ కలిగించింది మీరు నెల రోజులు ఆగడం. ఆ మందులు ఇప్పటికి ఒంట్లోంచి పోయి ఉంటాయి. ఈరోజు ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన ఆ రోజూ అలాగే ఉందని కాదు.

అందుకే ఈ వారంలోనే గుండె వైద్యుడిని కలవండి. ఈసీజీ, పొటాషియం, మెగ్నీషియం పరీక్షలు అవసరం. పాత ఈసీజీ ఉంటే తీసుకెళ్లండి, పోల్చి చూస్తారు. కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయారా, నీళ్లలో ఈదుతూ మునిగిపోయారా, అలారం మోతకు ఉలిక్కిపడి స్పృహ తప్పారా అన్నది కనుక్కుని చెప్పండి. పుట్టుకతో క్యూటీ సాగి ఉన్నవారిలో కొందరికి ఆ సంగతి ఇలాంటి మందు వేసుకున్నప్పుడే బయటపడుతుంది. ఈలోగా మళ్లీ స్పృహ తప్పితే అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.

ఫ్లూడ్రోకార్టిసోన్‌ను మీ అంతట మీరు ఆపనూ వద్దు. పొటాషియం ఎంతుందో చూశాక మీ వైద్యుడే మోతాదు నిర్ణయిస్తారు.