అల్లుడికి, కారు ఎడమ తలుపు గోల గురించి

చి. అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో చూశాను. పాటలో డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా ఎడమ తలుపు బర్రుమంటోంది. స్పీకర్లు మార్పించి నెల తిరగలేదు, అప్పుడే వీటిని అమ్మేసి ఇంకా ఖరీదైనవి కొంటానంటున్నావు. కాస్త ఆగు. నాకు వినబడినంతవరకు ఆ గోల తలుపుది, స్పీకర్‌ది కాదు. దాని రెట్టింపు ధర పెట్టి ఇంకో జత బిగించినా ఆ తలుపు అలాగే మోగుతుంది, కాకపోతే ఇంకొంచెం గట్టిగా.

ఇంట్లో స్పీకర్ తన పెట్టెతోనే వస్తుంది. కారులో తలుపే పెట్టె. బయట పల్చటి రేకు, లోపల ఇంకో రేకు. ఆ లోపలి రేకుకి చెయ్యి దూరేంత కన్నాలు, వాటి మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద డోర్ ప్యాడ్, అంటే మనకి కనిపించే లోపలి తొడుగు. మధ్యలో గ్లాసు, దాన్ని ఎత్తే రెగ్యులేటర్, లాక్ కడ్డీలు, వైర్లు. కోన్, అంటే స్పీకర్‌లో ఊగే గరాటు లాంటి భాగం, ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. ఆ కన్నాల గుండా వెనక గాలి ముందుకొచ్చి కలిసిందంటే రెండూ కొట్టేసుకుని బేస్ మాయమవుతుంది. బేస్ రావట్లేదని నువ్వు సెట్‌లో, అంటే కారు స్టీరియోలో, పెంచుతావు, రేకు ఇంకా ఊగుతుంది, లోపల వదులుగా ఉన్నవన్నీ తాళం వేస్తాయి. చాలామంది ఇక్కడే డబ్బు తగలేస్తారు.

ముందు పైసా ఖర్చు లేని పని చెయ్యి. డోర్ పాకెట్ ఖాళీ చెయ్యి. టోల్ రసీదులు, చిల్లర, నీళ్ళ బాటిల్, కళ్ళజోడు పెట్టె, అన్నీ తీసెయ్. నవ్వకు, స్పీకర్ పోయిందని షాపుకి తెచ్చే బళ్ళలో కొన్నింటి రోగం అక్కడే కుదురుతుంది. తరవాత సెట్‌లో బేస్‌ని ఎత్తి చూపే లౌడ్‌నెస్ ఆపేసి, బేస్‌ని సున్నాకి తెచ్చి అదే పాట విను. వాల్యూమ్ ఎక్కువైనప్పుడు మాత్రమే గరగరమంటూ గొంతు కూడా చీలినట్టుంటే, అది సెట్ ఓపిక అయిపోయిందని గుర్తు. తలుపుని తిట్టి లాభం లేదు.

అప్పటికీ గోల ఉంటే ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసుకో, అది నువ్వు చెప్పిన హెర్ట్జ్‌లో ఒకే స్వరం మోగిస్తుంది. ఇంజన్ ఆపి, 30 హెర్ట్జ్ నుంచి 200 దాకా మెల్లగా పెంచుకుంటూ పో. సెట్‌లో బ్యాలెన్స్ (ఎడమ, కుడి), ఫేడర్ (ముందు, వెనక) తిప్పి ఒకసారికి ఒక్క తలుపే మోగేలా చెయ్యి. ఎక్కడో ఒకచోట, 70 దగ్గరో 90 దగ్గరో, బర్రు మొదలవుతుంది. టోన్‌ని అక్కడే నిలబెట్టి, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని తలుపుని అంగుళం అంగుళం నొక్కించు. ఆర్మ్‌రెస్ట్, గ్రిల్, లోపలి హ్యాండిల్, స్విచ్చుల ప్లేటు, కింది అంచు. ఎక్కడ నొక్కితే ఆగుతుందో అక్కడే దొంగ. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రాత్రిపూట చేస్తే బాగా వినిపిస్తుందిగానీ, వాచ్‌మన్‌కి ముందే చెప్పు.

అదే టోన్ మీద గ్లాసు పూర్తిగా ఎత్తి, సగం దించి, మొత్తం దించి చూడు. గ్లాసుతోపాటు చప్పుడు మారిందంటే గ్లాసు రబ్బరో, రెగ్యులేటరో వదులైనట్టు. దానికి స్పీకర్ షాపు అక్కర్లేదు, కారు మెకానిక్ చాలు. ఇంకొక సంగతి, చెవి మోసం చేస్తుంది. తలుపులో అనుకున్నది ఒక్కోసారి వెనక నంబర్ ప్లేటో, డిక్కీ మీది పార్సిల్ ట్రేనో అవుతుంది. వాటిని కూడా ఓసారి పట్టుకుని చూడు.

స్పీకరే పోయిందా అని తేల్చుకోవడం తేలిక. గ్రిల్ తీసి, రెండు చేతుల వేళ్ళూ కోన్ చుట్టూ సమానంగా పెట్టి నెమ్మదిగా లోపలికి నొక్కు. మెత్తగా పోయి వస్తే మంచిదే. గీసుకుపోతున్నట్టు చప్పుడొస్తే కోన్ వెనకున్న తీగచుట్ట, అదే కాయిల్, రాసుకుంటోంది. కొత్తదానికి అలా ఉంటే బిగింపు చూడాలి. నాలుగు స్క్రూలూ ఒకటి తరవాత ఒకటి బలంగా బిగిస్తే ఫ్రేము వంకరపోతుంది. ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

ఇక ప్యాడ్ విప్పడం. ముందు నాలుగు క్లిప్పులు ఎక్కువే కొని పెట్టుకో, పాత బళ్ళలో విప్పేటప్పుడు ఒకటో రెండో విరక్క మానవు. విరిగిన క్లిప్పుతో ప్యాడ్ తిరిగి బిగిస్తే కొత్త గోల నువ్వే తెచ్చుకున్నట్టు. హ్యాండిల్ కప్పు వెనక, ఆర్మ్‌రెస్ట్ కింద దాక్కున్న స్క్రూలు తీశాకే ప్యాడ్ లాగు. స్క్రూడ్రైవర్‌తో పొడవకు, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ వాడు. పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోవద్దు. కొన్ని కార్లలో తలుపు లోపలి గాలి ఒత్తిడిని బట్టే పక్క ఎయిర్‌బ్యాగ్‌కి కబురు పంపే సెన్సర్ ఉంటుంది. నీ కారుకి అది ఉంటే తలుపుని సీల్ చేసే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడుగు.

ప్యాడ్ తిప్పి వెనకవైపు టార్చి వేసి చూడు. ఒకచోట ప్లాస్టిక్ అరిగి నున్నగా మెరుస్తుంటుంది, దాని ఎదురుగా రేకు మీద వైరు కప్లరో, లాక్ కడ్డీయో వేలాడుతుంటుంది. అవి రెండూ కొట్టుకునే చప్పుడే నీ బర్రు. కప్లర్‌కి, వైర్లకి గుడ్డ టేపు చుట్టు. కడ్డీకి చుట్టేటప్పుడు అది కదిలే దారికి అడ్డం రాకుండా చూసుకో, లేకపోతే లాక్ పడదు.

తరవాత డ్యాంపింగ్ షీటు, అంటే రేకు ఊగకుండా ఆపే అతుకు షీటు. దుమ్ము, నూనె తుడిచి బయటి రేకు లోపలివైపు అతికించాలి. రేకు మొత్తం కప్పాల్సిన పనిలేదు, మధ్యలో పెద్ద ముక్కలు పడితే పావు వంతైనా చాలు. వేలితో కొట్టి చూడు, ముందు టంగుమన్న రేకు టక్కుమని ఆగిపోవాలి. బ్యూటైల్ రబ్బరు షీటే తీసుకో. తారు షీటు చవకేగానీ, మన ఎండలకి మెత్తబడి జారుతుంది, మే నెలలో కారంతా రోడ్డు వేసిన వాసన. లోపలి రేకు కన్నాలు కూడా మూసెయ్. అయితే తలుపు అడుగున నీళ్ళు పోయే చిన్న రంధ్రాలు మాత్రం మూయకు. వాన నీళ్ళు గ్లాసు వెంబడి తలుపులోకి దిగుతాయి, దిగాలి కూడా. బయటికి దారి లేకపోతే రెండు వానాకాలాలకే తలుపు అడుగు తుప్పు పడుతుంది. స్పీకర్ కింద రింగు ప్లాస్టిక్‌దే పెట్టు. చెక్కపొడి బోర్డు రింగు రంగు వేయకుండా పెడితే తడికి ఉబ్బుతుంది. స్పీకర్ అంచుకీ ప్యాడ్‌కీ మధ్య స్పాంజి పట్టీ చుట్టూ వేస్తే ధ్వని ప్యాడ్ వెనక దూరకుండా గ్రిల్ గుండానే వస్తుంది. ఈ పట్టీ ఖరీదు ఎంతో ఉండదు, కానీ చాలా షాపుల్లో వేయరు.

ఈ పనంతా అయ్యాక రెండు తలుపుల వైర్లూ ఒకేలా కలిశాయా చూడు. ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైతే రెండు స్పీకర్లూ ఒకదాని బేస్ ఒకటి చంపేస్తాయి. సెట్ వైరు ఊడదీసి, స్పీకర్ టెర్మినల్స్‌కి మాత్రమే గోడగడియారం సెల్లు క్షణం తాకించు. సెల్లు ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలితే కోన్ బయటికి కదలాలి. వైరు సెట్‌కి ఉండగా ఈ పని చేయకు. కంపెనీ వైరింగ్ కోయకుండా, మీ కారుకి సరిపోయే కప్లర్ కొనుక్కుని కలుపు. వారంటీ ఉన్న బండికి కోసిన వైరు తలనొప్పి.

అప్పటికీ స్పీకర్లు మార్చాలనిపిస్తే పెట్టె మీద 300 వాట్లు చూసి మోసపోకు. నీ సెట్ మీద 50 వాట్లు నాలుగు అని రాసి ఉన్నా, ఆగకుండా ఇచ్చేది ఒక్కో స్పీకర్‌కి 15 నుంచి 20 వాట్లే. యాంప్లిఫయర్ లేకుండా నడపాలంటే సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కొద్ది పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుందో ఆ లెక్క, 90 డెసిబెల్స్ దాటినది, 4 ఓమ్‌లది చూడు. 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకర్ అదే ధ్వనికి సగం కరెంటు పవర్‌తోనే పలుకుతుంది. మాగ్నెట్ లోతు కూడా కొలుచుకో. ప్యాడ్ బిగించకముందే గ్లాసు పూర్తిగా దించి తగలట్లేదని చూసుకోవాలి.

చివరగా సెట్‌లో కింది బేస్‌ని స్పీకర్‌కి పోనివ్వకుండా ఆపే హై పాస్ ఫిల్టర్ ఉంటే 80 హెర్ట్జ్ దగ్గర పెట్టు. లేకపోతే స్పీకర్ ప్లస్ వైరులో 470 మైక్రోఫారడ్ల నాన్ పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటర్ వేసినా కొంత పని అవుతుంది. ఆరున్నర అంగుళాల డోర్ స్పీకర్ చేత 40 హెర్ట్జ్ పలికించాలనుకోవడం అత్యాశ. పొట్టలో తగిలే బేసే కావాలంటే సీటు కింద పట్టే ఎనిమిదంగుళాల సబ్‌వూఫర్ పెట్టించు, తలుపులని వదిలెయ్.

పాత స్పీకర్లు, వాటి స్క్రూలతో సహా ఒక కవర్‌లో కట్టి అటక మీద పెట్టు. బండి అమ్మేటప్పుడు అవి తిరిగి వేసి, ఇవి కొత్త బండికి తీసుకుపోవచ్చు. దసరాకి వస్తావుగా, ఆ లోపు టోన్ ఎన్ని హెర్ట్జ్ దగ్గర మోగిందో, ఎక్కడ నొక్కితే ఆగిందో రాసి పంపు. షీటు, టేపు ఇక్కడే తెప్పించి ఉంచుతాను.

— మామయ్య