పంకాల విమానంలో అమ్మను రాజమండ్రికి తీసుకెళ్ళవచ్చా?

మీ అమ్మగారికి అరవై తొమ్మిదేళ్ళని, మోకాళ్ళ నొప్పులున్నాయని, ఇంతవరకూ విమానం ఎక్కలేదని రాశారు. శంషాబాద్ నుంచి రాజమండ్రికి టికెట్లు తీశాక అది పంకాలు తిరిగే చిన్న విమానమని తెలిసిందట. రద్దు చేసి రైల్లో తీసుకెళ్ళాలా అని అడిగారు. రద్దు చేయకండి. రెండేళ్ళ క్రితం జూలైలో నేను మా అమ్మను సరిగ్గా ఇదే దారిలో, ఇదే రకం విమానంలో తీసుకెళ్ళాను. అప్పటికి ఆమెకు డెబ్బై ఒకటి. గాలిలో ఉన్న గంటసేపు శబ్దాలకు అమ్మ కాస్త భయపడింది తప్ప మాకు ఏ ఇబ్బందీ కాలేదు. ఇబ్బంది పడినదంతా నేల మీదే.

మీ టికెట్ మీద ఏటీఆర్ అని ఉందన్నారు కదా, అది ఏటీఆర్ 72. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో తయారవుతుంది. పంకాలు బయటికి కనిపిస్తున్నాయి కాబట్టి పాతకాలపు విమానమని చాలామంది భయపడతారు. నిజానికి లోపల ఉండేది జెట్లలో ఉండేలాంటి టర్బైన్ ఇంజనే. దాని శక్తి గేర్ల మీదుగా ఆరు రెక్కల పంకాను తిప్పుతుంది. పెద్ద జెట్‌తో పోలిస్తే తక్కువ దూరాలకు దీనికి ఇంధనం తక్కువ పడుతుంది, పొట్టి రన్‌వే సరిపోతుంది. చిన్న ఊళ్ళకు తక్కువ ధరలో విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ పథకం ఉడాన్ కింద, 2017 ఏప్రిల్‌లో తొలి సర్వీసుల్లో ఒకటిగా కడప, హైదరాబాద్ మధ్య నడిచింది కూడా ఏటీఆర్ విమానమే. సీట్లు అటు రెండు, ఇటు రెండు. మధ్య సీటు అనేదే లేదు కాబట్టి అమ్మ పక్కన మీరు తప్ప వేరెవరూ ఉండరు.

భయమంతా శబ్దాల వల్లే వస్తుంది. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా చెబుతాను. మేము ఎక్కేటప్పటికే కుడివైపు ఇంజను హోరుమంటోంది, కాని దాని పంకా మాత్రం కదలడం లేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఏటీఆర్‌లో కుడి ఇంజను పంకాకు బ్రేకు ఉంటుంది. నేల మీద ఉన్నప్పుడు పంకాను ఆపి ఉంచి, కరెంటు కోసం, చల్లగాలి కోసం ఇంజనును మాత్రం నడుపుతారు. తరువాత సీట్ల పైన ఉన్న సందుల్లోంచి తెల్లగా పొగలాంటిది వచ్చింది. అది పొగ కాదు, వానాకాలపు తేమగాలికి చల్లగాలి తగిలినప్పుడు పుట్టే మంచు. రెండు నిమిషాల్లో పోయింది.

అసలు భయం గాలిలోకి లేచిన కాసేపటికి పట్టుకుంది. అప్పటిదాకా గట్టిగా ఉన్న మోత ఒక్కసారిగా తగ్గింది. "ఏమిటి నాన్నా, ఇంజను ఆగిపోయిందా?" అంది అమ్మ. ఆమె గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. పైకి లేవడానికి పంకాను పూర్తి వేగంతో తిప్పుతారు, తగినంత ఎత్తుకు చేరాక ఆ వేగం తగ్గిస్తారు. ప్రతి ప్రయాణంలోనూ అంతే. దిగేటప్పుడు చక్రాలు నేలను తాకగానే మళ్ళీ ఒక గుర్రుమనే మోత వస్తుంది. పంకా రెక్కల కోణం మార్చి, వాటితోనే విమానం వేగాన్ని తగ్గించడం వల్ల వచ్చేది అది. ఇవన్నీ నేను వెళ్ళేటప్పుడు చెప్పలేదు, అది నా పొరపాటు. తిరుగు ప్రయాణానికి ముందు రోజు రాత్రి కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చెప్పాను. ఆ రోజు విమానం లేచాక, "ఇప్పుడు మోత తగ్గుతుంది చూడు" అని ఆమే నాకు చెప్పింది. మీరు ఇంట్లోనే, తీరికగా చెప్పండి.

ఇక నేల మీది సంగతులు. ఈ విమానానికి టెర్మినల్ నుంచి నేరుగా నడిచి వెళ్ళే వంతెన ఉండదు. బస్సులో తీసుకెళ్ళి దాని పక్కన దింపుతారు. ఎక్కేది వెనుక తలుపు నుంచి. మెట్లు కొన్నే, కాని ఇరుకు. బస్సులో నిలబడటం, దిగడం, మళ్ళీ మెట్లెక్కడం మా అమ్మ మోకాళ్ళకు భారమయ్యాయి. నడవగలదు కదా అని నేను చక్రాల కుర్చీ అడగలేదు. మీరు తప్పకుండా అడగండి. కనీసం నలభై ఎనిమిది గంటల ముందు విమాన సంస్థకు తెలపండి. మెట్లు ఎక్కించడానికి ఏ ఏర్పాటు ఉంటుందో రెండు విమానాశ్రయాల విషయంలోనూ విడివిడిగా అడగండి. సీట్లు వెనుక వరుసల్లో తీసుకోండి. తలుపు దగ్గర, మరుగుదొడ్డి కూడా దగ్గరే. పైగా పంకాల మోత ముందు వరుసల్లోనే ఎక్కువ.

చేతి సంచి గురించి ఒక హెచ్చరిక. తల పైన ఉండే అరలు చిన్నవి, మామూలు ట్రాలీ పెట్టెలు పట్టవు. మా పెట్టెను మెట్ల దగ్గరే తీసుకుని సరుకుల అరలో వేశారు. అమ్మ బీపీ మాత్రలు అందులోనే ఉండిపోయాయి. మందులు, కళ్ళజోడు, మంచినీళ్ళు ఒళ్ళో పెట్టుకునేంత చిన్న సంచిలో విడిగా ఉంచండి. ఆవకాయ జాడీ తీసుకెళ్ళాలనుకుంటే చేతి సంచిలో వద్దు, తనిఖీ దగ్గర ఆపేస్తారు. గట్టిగా మూత బిగించి బరువు సామానులో వేయండి.

ఏటీఆర్ పెద్ద జెట్ల కన్నా తక్కువ ఎత్తులో, అంటే సుమారు పదిహేడు నుంచి ఇరవై వేల అడుగుల మధ్య ఎగురుతుంది. అందువల్ల మబ్బుల కుదుపులు కొంచెం ఎక్కువ తెలుస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు నేల వేడికి గాలి పైకి ఎగసి ఇంకా ఊపుతుంది. వీలుంటే మీ టికెట్‌ను ఉదయానికి మార్చుకోండి. చెవులు మూసుకుపోకుండా దిగేటప్పుడు నోట్లో బెల్లం ముక్క పెట్టుకుంటే చాలు. జలుబు ఉంటే మాత్రం ముందే వైద్యుణ్ణి అడగండి.

తక్కువ ఎత్తులో వెళ్ళడం వల్ల ఒక మేలు కూడా ఉంది. దీని రెక్కలు కిటికీల పైన ఉంటాయి కాబట్టి కింద నేల అంతా కనిపిస్తుంది. మేము కుడివైపు కూర్చున్నాం. విమానం కిందికి దిగుతుండగా మబ్బులు విడిపోయి ఎర్రనీటి గోదావరి, దాని మీద వరుసగా వంతెనలు కనిపించాయి. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వంతెన దాటేటప్పుడు అమ్మ ఎప్పుడూ నదిలో నాణెం వేసి దండం పెట్టుకునేది. ఆ రోజు కిటికీ అద్దానికి చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. తరువాత పర్సులోంచి రూపాయి బిళ్ళ తీసి కొంగున ముడి వేసుకుంది. మర్నాడు పొద్దున్నే పుష్కర ఘాట్‌కు తీసుకెళ్ళమని అడిగి, ఆ బిళ్ళను నీళ్ళలో వేసింది.

గాలిని బట్టి విమానం దిగే వైపు మారుతుంటుంది. అయినా వెళ్ళేటప్పుడు అమ్మగారికి కుడివైపు కిటికీ సీటే ఇప్పించండి.