వేసవి మెడికల్ క్యాంపుకు 22 వేలు: పంపాలా, వద్దా?

ప్రశ్న: మాది నరసన్నపేట. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసింది, బైపీసీలో చేర్పిస్తున్నాం. విశాఖలో ఐదు రోజుల మెడికల్ క్యాంపు ఉందని 22 వేలు అడుగుతున్నారు. తెల్లకోటు, స్టెతస్కోపు, సర్టిఫికెట్ ఇస్తారట, కుట్లు వేయడం కూడా నేర్పుతారట. కానీ పిల్లకి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. క్యాంపుతో ఆ భయం పోతుందా? లేక శ్రీకాకుళంలోనే ఏదైనా ఆసుపత్రి చూపిస్తే సరిపోతుందా? డాక్టరు కాకపోతే కనీసం నర్సింగ్ అయినా చేయిద్దామని మా ఆలోచన.

జవాబు: సర్టిఫికెట్ సంగతి ముందే చెప్పేస్తాను. సీటు దగ్గర దానికి ఒక్క మార్కు రాదు. గోడకు తగిలించుకోవచ్చు, అంతే.

మీరు అడిగింది క్యాంపు గురించే అయినా, రక్తం చూసి పడిపోయే పిల్ల ఈ చదువుకు పనికొస్తుందా అన్నదే మీ దిగులు. పనికొస్తుంది. రక్తం చూడగానే కొందరికి గుండె వేగం, బీపీ కాస్త పెరిగి వెంటనే పడిపోతాయి. మెదడుకు రక్తం తగ్గి కళ్ల ముందు చీకట్లు కమ్ముతాయి. ఇది ఒంటి స్పందన, పిరికితనం కాదు. మెడికల్ కాలేజీలో చేరాక మొదటిసారి ఆపరేషన్ థియేటర్లో తూలిపోయేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. వాళ్లూ డాక్టర్లవుతున్నారు.

దీనికి ఇంట్లోనే చేసే సాధన ఉంది. కూర్చుని చేతులు, తొడలు, పొట్ట కండరాల్ని 10–15 సెకన్లు గట్టిగా బిగించాలి, ముఖం వెచ్చబడుతున్నట్టు తెలుస్తుంది. తర్వాత 20–30 సెకన్లు వదలాలి, కానీ పూర్తిగా వాలిపోకూడదు. ఇలా ఐదుసార్లు, రోజూ కొన్ని వారాలు. అది చేతనయ్యాకే ముందు రక్తం ఫొటోలు, తర్వాత వీడియో, ఆపైన ల్యాబులో రక్తం తీయడం చూపించండి. 'ఊపిరి పీల్చుకుని వదులుగా కూర్చో' అనే సలహా ఇక్కడ ఎదురు తిరుగుతుంది, వదులైతే బీపీ ఇంకా పడుతుంది. ఖాళీ కడుపుతో పంపకండి, చోడి (రాగి) అంబలో ఇడ్లీయో తిని వెళ్లాలి. మోకాళ్లు బిగించి కదలకుండా ఎక్కువసేపు నిలబడకూడదు. కళ్లు తిరిగితే పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. మనవాళ్లు చేసేట్టు లేపి నిలబెట్టి నీళ్లు తాగించబోవడమే తప్పు. అయితే రక్తంతో సంబంధం లేకుండా, పరిగెడుతుండగా పడిపోతే మాత్రం డాక్టరుకు చూపించి ఈసీజీ తీయించండి.

కుట్ల మీద నాకు అనుమానాలు చాలా ఉన్నాయి. స్పాంజి ముక్క మీద మూడు కుట్లు వేస్తే ఫొటో బాగుంటుంది. ఆ చెయ్యి ఎంబీబీఎస్‌లో ఎలాగూ తిరుగుతుంది, పదిహేనేళ్లకే రావలసిన తొందరేమీ లేదు. పిల్ల ఈ పనికి తగునో లేదో దానివల్ల తెలియదు. తెలిసేది చప్పగా ఉండే పనుల్లో. బీపీ చూడమనండి. మనిషిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, చొక్కా మీద పట్టీ కట్టకూడదు, చేతికి పట్టీ చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. గాలి సెకనుకు 2–3 పాయింట్ల చొప్పున వదలాలి. తొందరపడి జారవిడిస్తే పై అంకె తక్కువగా, కింది అంకె ఎక్కువగా వస్తుంది. ఇవన్నీ పదో మనిషికి కూడా అంతే ఓపికగా చేస్తోందా? సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం కూడా అంతే. నిమిషానికి 100–120 సార్లు, 5–6 సెంటీమీటర్ల లోతు, ప్రతి నొక్కుకీ ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలి. రెండు నిమిషాలకే భుజాలు లాగుతాయి, లోతు తగ్గిపోతుంది. అందుకే నొక్కే మనిషి మారాలి.

కాబట్టి డబ్బు కట్టేముందు ఫోన్ చేసి అడగండి: సీపీఆర్ బొమ్మలు ఎన్ని, ఒక్కో బొమ్మకు ఎంతమంది పిల్లలు? నలభై మందికి ఒక్క బొమ్మ అంటే అది చూసి రావడమే. నేర్పేది ఎవరు, నర్సింగ్ ట్యూటరా, మోటివేషన్ స్పీకరా? బ్లడ్ గ్రూపు పరీక్ష ఉంటే వేలికి గుచ్చే సూది ఒక్కొక్కరికి కొత్తదేనా, వాడినవి గుచ్చుకోని గట్టి డబ్బాలో వేస్తారా, తల్లిదండ్రుల సంతకం తీసుకుంటారా? పిల్లల చేత రోగులకు ఇంజెక్షన్లు వేయిస్తామని గొప్పగా చెబితే అక్కడితో ఫోన్ పెట్టేయండి. కొన్ని క్యాంపులు ఏదో కాలేజీకి అడ్మిషన్లు పట్టే వల, ఐదోరోజు నుంచి మీకు ఫోన్లు మొదలవుతాయి.

శ్రీకాకుళం సంగతి అడిగారు. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, రాగోలులో జెమ్స్ ఉంది, విజయనగరం వైపైతే నెల్లిమర్లలో మిమ్స్ ఉంది. ఎక్కడైనా సూపరింటెండెంటును రాతపూర్వకంగా అడగాలి. ఐసీయూకి, థియేటర్‌కి రానివ్వరు, రానివ్వకపోవడమే సరి. ల్యాబు, ఫార్మసీ, ఓపీ చాలు. అంతకంటే మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో టీకాల రోజు నయం. టీకాలు వేసే నర్సమ్మ (ఏఎన్ఎం) వాటిని 2–8 డిగ్రీల్లో ఎలా కాపాడుతుందో, సూది వేశాక బిడ్డను అరగంట ఎందుకు కూర్చోబెడుతుందో అక్కడ కళ్లారా చూస్తుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మన జిల్లాలోదే. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. నాలుగు గంటల డయాలసిస్‌కు సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు కావాలి, రోగి బరువు ముందూ వెనకా తూచాలి, మధ్యలో బీపీ చూస్తూనే ఉండాలి. ఆ కుర్చీ పక్కన ఉండే టెక్నీషియన్ లేకపోతే ఏ కిడ్నీ డాక్టరూ (నెఫ్రాలజిస్టు) ఏమీ చేయలేడు.

ఇక 'కనీసం నర్సింగ్' అన్నారు. ఆ మాట పిల్ల ముందు మళ్లీ అనకండి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల చదువు, ర్యాంకు రానివాళ్లను పడేసే గంప కాదు. ఫిజియోథెరపీ, ఆప్టోమెట్రీ (కంటిచూపు పరీక్షల చదువు), ల్యాబు కోర్సులూ అంతే. ఇప్పుడే 'కనీసం' అని ముద్ర వేస్తే, రేపు అందులో చేరినా ఓడిపోయినదానిలా చేరుతుంది. ఇంకో మాట. ఇంత ఉత్తరంలో అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం లేదు.

నా మాట వింటే ఈ వేసవికి ఆ 22 వేలు మీ దగ్గరే ఉంచండి. ఇంట్లో బీపీ మిషను ఉంటే వాళ్ల నాయనమ్మకో తాతయ్యకో పొద్దున్నా సాయంత్రం చూసి నోటుబుక్కులో రాయమనండి, రెండు వారాలు. మీరు గుర్తుచేయొద్దు. మధ్యలో మానేస్తే తిట్టొద్దు, ఎందుకు మానేసిందో అడగండి. కండరాలు బిగించే సాధన కూడా ఆ రోజుల్లోనే మొదలుపెట్టించండి. అప్పటికీ క్యాంపుకు వెళ్తానని తనే అడిగితే, పైన రాసిన ప్రశ్నలు ఫోన్లో తననే అడగనివ్వండి.