కోర్టులోకి దిగే ముందు అద్దం కొనుక్కో

అమ్మడూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గోల, అన్నయ్యా ఇది వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్‌లో చేరిందట, నీ మాటైతే వింటుంది నువ్వైనా చెప్పు అని. చెప్తాలే అన్నా, వద్దని చెప్తానని మాత్రం అనలేదు. ఫోన్ పెట్టేశాక ఒక్కణ్ణే కూర్చుని తెగ నవ్వుకున్నా, కాసేపటికి గుబులు మొదలైంది, ఇక నిద్ర పట్టక ఇది రాస్తున్నా.

డాక్టర్‌కి చెప్పు, నీళ్లు తాగు, కుర్చీకి కట్టుకునే స్ట్రాప్ బిగించుకో. రోజూ తిరిగే కుర్చీతో ఆడకు, ఆట కుర్చీకి చక్రాలు కింద ఎడంగా వాలి ఉంటాయి, గభాల్న తిరుగుతుంది. మొదటి వారమే పడతావు, పడనీ.

నేను చెప్పాల్సింది వేరే. ఆడటం మొదలుపెట్టిన రెండో ఏడు, పిర్ర మీద రూపాయంత ఎర్ర మచ్చ కనబడింది. వేలితో నొక్కి వదిలినా తెల్లబడలేదు, అంటే లోపల చర్మం దెబ్బతింటోందని అర్థం, నాకు తెలుసు కూడా. కానీ పదిరోజుల్లో టోర్నమెంట్. ఒంట్లో కదలికని బట్టి మనకి 1 నుంచి 4.5 దాకా పాయింట్లు ఇస్తారు, కోర్టులో అయిదుగురివీ కలిపి 14 దాటకూడదు, నేను అందరికన్నా తక్కువ కదలిక ఉన్న 1 పాయింట్ వాణ్ణి, నేను లేకపోతే మా టీమ్ లెక్క కుదరదు. ఎక్కడా అవసరం లేదనుకున్నవాడికి అది ఎంత గర్వమో నీకు చెప్పక్కర్లేదు. ఎవరికీ చెప్పకుండా ఆడేశా. చెమట, రాపిడి, పైగా వెన్నెముక దెబ్బతిన్న మనకి అక్కడ నొప్పి తెలీదాయె. పుండు ఎముక దాకా పోయింది, అయిదు నెలలు బోర్లా పడుకున్నా. ఆ గదిలో వాసన భరించింది మీ అమ్మ, అప్పుడు దానికి నీ వయసే. అది భయపడేది నీ ఆటకి కాదురా, ఆ గదికి.

అసలు సిగ్గు ఎక్కడంటే, ఒకప్పుడు వెన్నెముక దెబ్బతిన్నవాళ్లు ఎక్కువగా ఈ పుళ్లతో, మూత్రం ఇన్‌ఫెక్షన్లతోనే పోయేవాళ్లు. ఇంగ్లండ్‌లో స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో గుట్‌మన్ అనే డాక్టర్ వాళ్లని మంచాల మీంచి లేపి, ఆటనే వైద్యంలో భాగం చేశాడు. 1948లో లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే అక్కడ 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు, 1960లో రోమ్ పారాలింపిక్స్ దాకా పోయింది ఆ కథ. మనల్ని పుళ్ల నుంచి లేపడానికి వచ్చిన ఆట కోసం నేను పుండు పెంచుకున్నా, వెధవని!

అందుకే రోజూ పొద్దున, రాత్రి అద్దంలో చూసుకో, మచ్చ ఉంటే ఆ రోజు ఆట లేదు, ఫైనల్ అయినా సరే. కుర్చీలో ఉన్నప్పుడు అరగంటకోసారి ముందుకి వంగి రెండు నిమిషాలు ఉండు. ఊరికే చేతుల మీద లేవకు, భుజాలు అరిగిపోతాయి, మనకి కాళ్లూ అవే.

ఆడు తల్లీ. మంచం మీంచి కుర్చీలోకి ఒక్కణ్ణే మారగలిగింది ఆట ఇచ్చిన బలంతోనే, కాథెటర్, అదే మూత్రం గొట్టం, దాని కిటుకులు కూడా అక్కడి సీనియర్లే నేర్పారు, సిగ్గుపడకుండా అడుగు.

నా పాత స్ట్రాప్ పంపిస్తున్నా, పొడుగైతే కత్తిరించుకో. అద్దం మాత్రం పొడుగు పిడి ఉన్నదే కొను.

మీ మావయ్య