ఫైనల్ రాత్రి హనుమకొండ మీదుగా నైట్ డ్యూటీకి ఎలా వెళ్లాలి?

కాజీపేటలో ఉంటూ వరంగల్‌లో నైట్ డ్యూటీకి వెళ్తున్నారు, క్రికెట్ ఫైనల్లో మనవాళ్లు గెలిస్తే హనుమకొండలో రోడ్లన్నీ నిండిపోతాయి కదా, టైంకి చేరేదెలా అని అడిగారు. నాదీ అదే దారి. వరంగల్ స్టేషన్ వైపు ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మ్యాచ్ అయ్యాక బయల్దేరదాం అని మాత్రం అనుకోకండి. నేను అలాగే చేసి ఇరుక్కున్నాను.

2024 జూన్ 29, టీ20 వరల్డ్ కప్ ఫైనల్. మ్యాచ్ చూడాలని తోటి సిస్టర్‌ని అడిగితే నా బదులు రాత్రి 12 దాకా ఉంటానంది. దక్షిణాఫ్రికాకు 30 బంతుల్లో 30 పరుగులు చాలు అన్నప్పుడు ఇక పోయిందనుకుని లేచి చెప్పులేసుకున్నాను. అంతలో వాళ్ల బ్యాటర్ క్లాసెన్ అవుటయ్యాడు. కాలు కదల్లేదు. చివరి ఓవర్లో బౌండరీ దగ్గర సూర్యకుమార్ ఆ క్యాచ్ పట్టేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. 7 పరుగులతో గెలిచాం. బండి తీసేసరికి పదకొండున్నర దాటింది.

ఫాతిమానగర్, నిట్, అదాలత్ దాకా బాగానే వచ్చాను. నక్కలగుట్ట నుంచి ఒక్కో బైకు మీద ముగ్గురేసి, జెండాలు పట్టుకుని వస్తూనే ఉన్నారు. అశోకా జంక్షన్ దగ్గర బండి ఆగిపోయింది. ముందు తీన్మార్ డప్పులు, డ్యాన్సులు. రోడ్డు మధ్యలో పటాకుల లడీ పరిచి అంటించారు. ఒక రవ్వ ఎగిరొచ్చి నా చున్నీ అంచు మీద పడింది, గబగబా దులుపుకున్నాను. హారన్ కొడితే అదీ సంబరమే అనుకుని ఇంకా గట్టిగా అరుస్తున్నారు. అందుకే చెబుతున్నా, హారన్ పనిచేయదు.

చివరికి ఇంజిన్ ఆపి దిగాను. ఐడీ కార్డు మెడలో పైకి వేసుకుని, "తమ్మీ, ఆసుపత్రి డ్యూటీ, జర దారియ్యండి" అని అడిగాను. బుగ్గల మీద మూడు రంగులు పూసుకున్న ఒక పిల్లాడు తన జెండాను కర్రకు చుట్టి చంకలో పెట్టుకున్నాడు. నా హ్యాండిల్ ఒక పక్క పట్టుకుని, "అక్క డ్యూటీకి పోతాంది, జరుగుండ్రి" అంటూ చౌరస్తా దాటేదాకా నడిచాడు. అడిగితే దారి ఇస్తారండీ. కాకపోతే అడుగు అడుగుకీ అడగాలి.

నేను చేరేసరికి 12:40. సిస్టర్ బ్యాగు భుజాన వేసుకుని కూర్చుని ఉంది. ఇంట్లో రెండేళ్ల పాప నిద్రపోక ఏడుస్తోందట. ఒక్క మాట అనలేదు. హ్యాండోవర్ ఇచ్చి వెళ్లిపోయింది. ఆ ముఖం నాకిప్పటికీ గుర్తే.

మీరు చౌరస్తా వైపే వెళ్లకండి. అదాలత్ దగ్గర హంటర్ రోడ్డు పట్టుకుంటే నాయుడు పెట్రోల్ పంపు, శంభునిపేట మీదుగా వరంగల్ వచ్చేయొచ్చు. కొంచెం చుట్టే. గట్టి వాన పడుతుంటే మాత్రం వద్దు. 2023 జులై వరదలో హంటర్ రోడ్డు కాలనీలు ఎలా మునిగాయో చూశాం కదా. మ్యాచ్ ఎప్పుడు అయిపోతుందో కూడా ముందే లెక్కేసుకోవద్దు. 2025 నవంబరులో మహిళల వరల్డ్ కప్ ఫైనల్ వాన వల్ల ఆలస్యమై అర్ధరాత్రి దాకా సాగింది.

2025 మార్చి 9, ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ రోజు నా డ్యూటీ రాత్రి 9కి. ఎనిమిదింటికే బయల్దేరాను, రోడ్డు ఖాళీ. జడేజా గెలుపు ఫోర్ కొట్టినప్పుడు వార్డులో ఒక తాతకు బీపీ చూస్తున్నాను. కారిడార్‌లో అటెండెంట్ల కేకలు విని, "గెలిచిన్రా బిడ్డా?" అని అడిగాడు. గెలిచినం తాతా అన్నాను. బయట పటాకులు మొదలయ్యేసరికి సిస్టర్ ఇంట్లో పాప దగ్గరుంది.