మీరు అడిగారు: మేజర్ పూర్, మిలిటరీ సెలవు, 304 పరుగులు

పాత ఇంగ్లండ్ స్కోరుకార్డులో హ్యాంప్‌షైర్ తరఫున ‘మేజర్ పూర్ 304’ అని చూశాను. మిలిటరీ ఆఫీసరుకు మూడేసి రోజుల మ్యాచులు ఆడే తీరిక ఎక్కడిది? రెండు జీతాలు వచ్చేవా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జీతం ఒక్కటేనండీ, అదీ సైన్యానిదే. అప్పట్లో కౌంటీ (ఇంగ్లండ్ జిల్లా) జట్ల ఆటగాళ్లు రెండు రకాలు. ఆటకు డబ్బు తీసుకునేవాళ్లు ప్రొఫెషనల్స్. ప్రయాణం, బస ఖర్చులు మాత్రమే పుచ్చుకునేవాళ్లు అమెచ్యూర్లు. ఆఫీసర్లు రెండో రకం. స్కోరుకార్డులో పేరు ముందు హోదా వేసేది అందుకే. డ్రెస్సింగ్ రూములు కూడా చాలాచోట్ల వేరుగా ఉండేవి. ఈ తేడాను 1963 సీజన్ నుంచి ఎత్తేశారు.

ఇక తీరిక. శాంతికాలంలో ఆఫీసర్లకు సెలవులు ధారాళంగానే దొరికేవి. ఆటగాడు ఉన్నాడంటే రెజిమెంటుకూ గొప్పే. చిక్కల్లా బదిలీలతో. కౌంటీకి ఆడాలంటే అక్కడ పుట్టాలి, లేదా రెండేళ్లు కాపురం ఉండాలి. హ్యాంప్‌షైర్‌లో ఆల్డర్‌షాట్ దండు, పోర్ట్స్‌మత్ నౌకాస్థావరం ఉండటంతో ఆ కౌంటీకి ఆఫీసర్ల కొరత ఉండేది కాదు. పోర్ట్స్‌మత్‌లో కౌంటీ మ్యాచులు జరిగిన మైదానం పేరే యునైటెడ్ సర్వీసెస్ గ్రౌండ్.

రాబర్ట్ పూర్ సెవెంత్ హుస్సార్స్ అశ్వికదళం మనిషి. బొంబాయి గవర్నర్ లార్డ్ హారిస్‌కు ఏడీసీగా (వెంట ఉండే సైనిక సహాయకుడిగా) మన దేశంలో పనిచేశాడు. 1896లో దక్షిణాఫ్రికాలో ఉండగా ఆ దేశం తరఫునే ఇంగ్లండ్ మీద మూడు టెస్టులు ఆడేశాడు! మీరు చూసిన 304 మాత్రం 1899లో టాంటన్‌లో, సోమర్‌సెట్ మీద కొట్టింది. అవతలి ఎండ్‌లో 225 కొట్టిన కెప్టెన్ విన్యార్డ్ కూడా సైనికుడే. పుట్టింది మన సహారన్‌పూర్‌లో. ఆరో వికెట్‌కు ఇద్దరూ కలిపి 411.

ఆ సీజన్‌లో పూర్ 21 ఇన్నింగ్స్‌లో 1551 పరుగులు చేశాడు. నాలుగుసార్లు నాటౌట్ కనుక 17తో భాగించాలి: సగటు 91.23. 1930లో బ్రాడ్‌మన్ వచ్చేదాకా ఇంగ్లండ్ సీజన్లలో అది చెక్కుచెదరలేదు. అయితే మొత్తం కెరీర్‌లో ఆయన సగటు 38.66 మాత్రమే. ఒక్క ఏడాది లెక్క చూసి ఆయన్ని బ్రాడ్‌మన్ పక్కన కూర్చోబెట్టడం మాకు నచ్చదు. అదే అక్టోబర్‌లో బోయర్ యుద్ధం మొదలై ఆయన దక్షిణాఫ్రికా వెళ్లాడు. తర్వాత కౌంటీకి ఆడింది కొద్దిగానే. ఆఫీసర్ల రికార్డుల్లో మధ్యమధ్య ఏళ్లకేళ్లు ఖాళీ కనిపిస్తే ఫామ్ పోయిందనుకోకండి. ముందు పోస్టింగ్ ఎక్కడో చూడండి.

మన కర్నల్ సి.కె. నాయుడు కౌంటీ ఆడారా?
– ఒక పాఠకురాలు, కొత్తపేట, గుంటూరు

లేదమ్మా. ఆయన కర్నల్ హోదా ఇండోర్ హోల్కర్ సంస్థానం సైన్యంలోది, బ్రిటిష్ సైన్యంలోది కాదు. 1932లో భారత జట్టుతో ఇంగ్లండ్ వెళ్లి చాలా కౌంటీల మీద ఆడారు, కౌంటీ తరఫున ఆడలేదు. అసలైన సైనిక కెప్టెన్ కావాలంటే లెఫ్టినెంట్ కర్నల్ హేము అధికారిని చెప్పుకోవాలి. 1959లో ఢిల్లీలో వెస్టిండీస్ మీద భారత జట్టును నడిపారు. ఆయన కాలంలోనే సర్వీసెస్ (మన త్రివిధ దళాల) జట్టు 1956-57, 1957-58ల్లో వరసగా రంజీ ఫైనల్‌కు చేరింది.

మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. ఆర్మీ ఆఫీసరై రంజీ ఆడతానంటున్నాడు. కుదురుతుందా?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

దారి ఉంది, ఇరుకుది. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్షను యూపీఎస్సీ ఏటా రెండుసార్లు పెడుతుంది. ఆర్మీకి ఇంటర్ ఏ గ్రూపైనా చాలు. నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకైతే మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. లెక్కలకు 300 మార్కులు, జనరల్ ఎబిలిటీకి 600. తప్పు రాస్తే మూడో వంతు కోత. ఒక్కో పేపర్లో కనీస మార్కులు రాకపోతే మొత్తం ఎంత వచ్చినా లాభం లేదు. రోజంతా నెట్స్‌లో గడిపే పిల్లలు తన్నేసేది లెక్కల దగ్గరే. తర్వాత ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు 900 మార్కులు, ఆపైన మెడికల్. వాడు ఫాస్ట్ బౌలరైతే నడుము, మోకాలు ఇప్పుడే ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి.

ఎంపికైతే ఖడక్‌వాస్లాలోని ఎన్‌డీఏలో మూడేళ్లు, డెహ్రాడూన్‌లో ఒక ఏడాది శిక్షణ. ఆ తర్వాత యూనిట్, కోర్సులు, సరిహద్దు పోస్టింగులు. బ్యాటరు పదును పెట్టుకోవాల్సిన 18 నుంచి 24 ఏళ్లు దీనికే పోతాయి. సర్వీసెస్ జట్టును త్రివిధ దళాల నుంచి ఎంచుతారు. అందులో ఆడటమే వాడి మొదటి కోరిక అయితే ఆఫీసరు దారికన్నా స్పోర్ట్స్ కోటాలో చేరడం దగ్గర దారి. ఇప్పటికే ఆంధ్ర క్రికెట్ సంఘం జట్లలో ఆడి ఉంటే, జట్టు మారేటప్పుడు ఇక్కడి నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి. వాణ్ణి కూర్చోబెట్టి రెండింటిలో ఏది ముందో తేల్చుకోమనండి. ఆఫీసరు ఉద్యోగమే ముందంటే ఈ రోజు నుంచే లెక్కల పాత పేపర్లు చేయించండి.