అమ్మలుకి అత్తయ్య రాసిన ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి,

పరీక్షల కోసం నువ్వు సెల్ఫ్ హిప్నాసిస్, అంటే ధ్యాస ఒకచోట నిలిపి మనసుకు మనమే ఒక మాట సూచించుకునే సాధన, నేర్చుకుంటున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. వాడి గొంతు వణికింది. నాకు మాత్రం ముందు గర్వమే కలిగింది. చదివింది తలకెక్కడం లేదని ఏడుస్తూ కూర్చోకుండా, మనసును దారిలో పెట్టుకునే ఉపాయం వెతుక్కున్నావు. కాసేపటికి నాకూ బెంగ పట్టుకుంది. అయితే వాడి బెంగ వేరు, నా బెంగ వేరు.

ఆ స్థితిలోంచి నువ్వు బయటికి రాలేవేమోనని వాడి భయం. అలా ఎవరూ చిక్కుకుపోరు. మహా అయితే నిద్రలోకి జారుకుంటావు, నిద్ర తీరాక లేస్తావు. మంచి కథ చదువుతున్నప్పుడు ఎవరైనా పిలిచినా పలకవు చూడు, ఇదీ అలాంటిదే. ధ్యాస ఒకచోట నిలిచి, మిగతావన్నీ వెనక్కి తగ్గుతాయి. 1843లో దీని మీద పుస్తకం రాసిన జేమ్స్ బ్రెయిడ్ అనే వైద్యుడు తన దగ్గరికి వచ్చినవాళ్లను మెరిసే వస్తువు మీద చూపు నిలపమనేవాడు. అంతకుముందు కొందరు నమ్మినట్టు ఇందులో ఏ అయస్కాంత శక్తీ లేదని అప్పుడే తేల్చాడు.

పద్ధతి గురించి ఎక్కువ చెప్పను, నువ్వే చదువుకుని ఉంటావు. మంచం మీద వద్దు, కుర్చీలో కూర్చో. చూపు ఒక చుక్క మీద నిలిపి, కళ్లు బరువెక్కాక మూసుకో. చేతులు బరువుగా, వెచ్చగా అవుతున్నట్టు భావించు. జర్మనీకి చెందిన డాక్టర్ షుల్ట్జ్ 1932లో ప్రచురించిన పద్ధతిలోనూ మొదటి మెట్లు ఈ బరువూ వెచ్చదనమే. పది నుంచి ఒకటి వరకు వెనక్కి లెక్కపెట్టి, మనసుకు సూచనగా చెప్పుకునే నీ వాక్యం అనుకుని, తిరిగి ఒకటి నుంచి ఐదు వరకు లెక్కిస్తూ కళ్లు తెరు. పది పదిహేను నిమిషాలు చాలు. బండి నడుపుతూ గానీ, పొయ్యి దగ్గర గానీ ఎప్పుడూ చెయ్యకు. అయిపోగానే ఫోను ముట్టుకోకుండా పుస్తకం తెరు, లేకపోతే కుదుర్చుకున్న మనసు కాస్తా మళ్లీ చెదిరిపోతుంది.

అసలు సంగతి ఆ వాక్యంలో ఉంది. నువ్వు 'చదివినదంతా నాకు గుర్తుంటుంది' అని అనుకుంటున్నావట. ఆ మాట మీ నాన్న నోట విన్నప్పుడే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఎందుకంటే సరిగ్గా అదే వాక్యం వాడు కూడా నీ వయసులో అనుకునేవాడు. ఇది నీతో చెప్పడానికి వాడికి నోరు రాలేదు. నువ్వే చెప్పక్కా అన్నాడు.

పరీక్షలంటే మీ నాన్నకు అన్నం సహించేది కాదు. ఎవరో స్నేహితుడు జ్ఞాపకశక్తి పెంచుతాయని రాసి ఉన్న క్యాసెట్లు తెచ్చిచ్చాడు. రాత్రి కళ్లు మూసుకుని ఆ వాక్యం అనుకోవడం, క్యాసెట్ పెట్టుకుని నిద్రపోవడం. కొద్ది రోజుల్లోనే వాడిలో భయం పోయింది. మనిషి నెమ్మదించాడు, నవ్వాడు, మేమంతా సంబరపడ్డాం. ఆ నెమ్మది అబద్ధం కాదు, అమ్మలూ. అంతవరకు వాడికి నిజంగానే మేలు జరిగింది. పొరపాటు ఆ తర్వాతే మొదలైంది. మనసు తేలిగ్గా ఉంది కాబట్టి పాఠం వచ్చేసిందనుకున్నాడు. పుస్తకం తిరగేస్తే ప్రతి పేజీ తెలిసినట్టే ఉండేది. పుస్తకం మూసి, కాగితం తీసుకుని, ఒక్క జవాబు కూడా రాసి చూసుకోలేదు. ఒకసారి అప్పజెప్పమని నేను అడిగితే, అలా అనుమానిస్తే సూచన బలం తగ్గిపోతుందని కోప్పడ్డాడు. పరీక్ష హాల్లో ప్రశ్న చూడగానే ఏ పేజీనో తెలిసింది. ఎడమవైపు పేజీ అనీ, కింద బొమ్మ ఉందనీ తెలిసింది. అక్కడ ఏం రాసి ఉందో మాత్రం రాలేదు. ఆ ఏడాది పోయింది. ఇంటికి వచ్చి, 'నా బుర్రే మంచిది కాదక్కా' అన్నాడు. ఏడాది పోవడం కన్నా ఆ మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. వాడి బుర్రకేమీ లోటు లేదు. దాన్ని పనిలో పెట్టలేదు, అంతే.

ఆ ఉచ్చులో పడేది వాడొక్కడే కాదు. 1991లో గ్రీన్‌వాల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఇలాంటి క్యాసెట్లనే, చెవికి తెలియకుండా లోపల సందేశం దాచామని చెప్పి అమ్మేవాటిని, పరీక్షించింది. వాటిలో కొన్ని జ్ఞాపకశక్తికి, కొన్ని ఆత్మగౌరవానికి. కొన్నింటి మీద చీటీలు మార్చి అతికించి, ఒక నెలపాటు విననిచ్చారు. లోపల ఏది ఉన్నా, పైన చీటీ మీద ఉన్నదే తమలో మెరుగైందని మూడోవంతు కంటే ఎక్కువమంది నమ్మారు. క్యాసెట్‌లో దాచామన్న సందేశం వల్ల మాత్రం జ్ఞాపకశక్తి పెరగలేదు. నిద్రలో పాఠాలు వినిపించే ముచ్చట అంతకుముందే, 1956లోనే తీరిపోయింది. సైమన్, ఎమన్స్ అనే పరిశోధకులు నిద్రపోతున్నవాళ్ల మెదడు తరంగాలు చూస్తూ, కొన్ని ప్రశ్నలకు జవాబులు వినిపించారు. నిజంగా నిద్రలో ఉన్నప్పుడు విన్నవేవీ తెల్లారి ఎవరికీ గుర్తులేవు. కాబట్టి రాత్రిళ్లు చెవిలో ఏమీ పెట్టుకోకు. నిద్రను నిద్రగా పోనియ్యి, పగలు చదివింది స్థిరపడేది ఆ నిద్రలోనే.

జ్ఞాపకం దేనితో గట్టిపడుతుందో కూడా తెలిసిన విషయమే. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు. మరికొందరి చేత ఒకసారి చదివించి, తర్వాత చూడకుండా గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పదేపదే చదివినవాళ్లదే పైచేయి. వారం గడిచేసరికి వాళ్లకు 40 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పింది మాత్రం ఆ మొదటివాళ్లే! మీ నాన్న కథంతా ఇందులోనే ఉంది.

అందుకని వాక్యం మార్చు. 'కుర్చీలో కూర్చోగానే మొదటి లెక్క మొదలుపెడతాను' అనుకో. 'ధ్యాస పక్కకు పోతే ఊపిరి వదిలి అదే వరుసకు తిరిగి వస్తాను' అనుకో. 'పాఠం అవగానే పుస్తకం మూసి రాస్తాను' అనుకో. చెయ్యబోయే పనిని, అది చెయ్యాల్సిన క్షణంతో ముడివెయ్యి. సూచన నిన్ను కుర్చీలో కూర్చోబెడుతుంది, వణుకు తగ్గిస్తుంది. ఆపైన గుర్తుపెట్టుకునే పని నీదే.

ఇంకొక్క మాట, ఇది గట్టిగానే చెబుతున్నాను. మరిచిపోయినవి తవ్వి తీయడానికి దీన్ని ఎప్పుడూ వాడకు. ఆ స్థితిలో గుర్తొచ్చినవాటి మీద నమ్మకం పెరుగుతుంది గానీ నిజం పెరగదు. 1983లో లారెన్స్, పెర్రీ అనే పరిశోధకులు హిప్నాసిస్‌కు బాగా లోనయ్యే 27 మందికి, ఫలానా రాత్రి చప్పుడుకు మెలకువ వచ్చిందని సూచించారు. జరగని ఆ సంగతిని తర్వాత 13 మంది నిజంగా జరిగిందనే చెప్పారు. అమెరికా వైద్య సంఘం కూడా 1985లో ఇలాంటి జ్ఞాపకాలను నమ్మవద్దని హెచ్చరించింది. కళ్లు మూసుకున్నప్పుడు ఏదైనా సూత్రం స్ఫురిస్తే పుస్తకంతో సరిచూడు. చిన్ననాటి సంగతుల జోలికి అసలే వెళ్లకు. మనసులో పాత గాయమేదైనా కదిలితే ఆపేసి నాకు చెప్పు, మంచి వైద్యుడి దగ్గరికి ఇద్దరం కలిసి వెళదాం.

ఒకవేళ నీకు ఇది అంతగా పట్టుబడకపోతే దిగులు పడకు. ఇందులోకి కొందరు తేలిగ్గా వెళతారు, కొందరు వెళ్లలేరు. ఆ గుణం మనిషిలో ఏళ్ల తరబడి పెద్దగా మారదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 25 ఏళ్ల తర్వాత అదే మనుషులను మళ్లీ పరీక్షించినప్పుడు ఇదే తేలింది. తెలివికీ దానికీ సంబంధం లేదు. వెళ్లలేకపోయినా, నెమ్మదిగా ఊపిరి తీసుకుని చదువుకు కూర్చుంటే చాలు.

నీ చిన్నప్పుడు పద్యం అప్పజెబుతూ నాలుగో పాదం దగ్గర ఆగిపోయేదానివి. నేను అందివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, 'ఉండత్తా' అని కళ్లు మూసుకుని నువ్వే పట్టుకునేదానివి. ముఖమంతా ఎర్రబడేది. నీకు అంత ఓపిక ఉందని నాకు తెలుసు కనుకే ఇంత కోపంగా రాస్తున్నాను.

మీ నాన్నకు నేను నచ్చజెబుతాను, నువ్వు సాధన మానకు. ఆదివారం సాయంత్రం ఫోను చెయ్యి. ఆ వారం పుస్తకం మూసి రాసిన కాగితాలు దగ్గర పెట్టుకుని, తప్పులతో సహా చదివి వినిపించు. రాయలేక వదిలేసిన చోట్లు ముందు చెప్పు, అక్కడి నుంచి మొదలుపెడదాం.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య